ఓటర్ల జాబితాలో మన ఇంటిపేరు

భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యవిద్య ముగించి, 1920ల ఆరంభమున బోస్టను రేవు చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డు వైద్యకళాశాలలో కండరములకు శక్తినిచ్చు పదార్థముల రహస్యమును శోధించి, పిమ్మట న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వము వహించి, ఫోలిక్ ఆమ్లము, బోదకాలునకు మందైన హెట్రజాన్, ఆరియోమైసిన్ మొదలగువానిని లోకమునకు అందించుటలో అగ్రగణ్యులైరి. 1948 ఆగస్టులో అమెరికా దేశముననే కన్నుమూసిరి. పావు శతాబ్దము తన మేధను ధారపోసిన ఆ గడ్డమీద ఆయన ఏనాడును పౌరుడు కాలేదు. కనుక అక్కడి ఏ ఓటర్ల జాబితాలోను ఆయన పేరు ఎక్కలేదు.

ఇది ఆయన ఉపేక్ష అనుకొనరాదు. 1923 ఫిబ్రవరి 19న అమెరికా సుప్రీంకోర్టు, భగత్‌సింగ్ థిండ్ అను పంజాబీ సైనికుని వ్యాజ్యములో, భారతీయులు చట్టము చెప్పిన ‘శ్వేతజాతి’లోనికి రారనియు, అందుచేత పౌరసత్వమునకు అర్హులు కారనియు తీర్పు చెప్పెను. థిండ్ మొదటి మహాయుద్ధకాలమున అమెరికా సైన్యములో పనిచేసినవాడైనను ఆ న్యాయస్థానము మన్నింపలేదు. ఆ తలుపు ఇరువదిమూడు సంవత్సరములు మూసియే యుండెను. 1946 జులైలో అధ్యక్షుడు ట్రూమన్ సంతకము చేసిన లూస్–సెల్లర్ చట్టము ఏటా నూరుమంది భారతీయులు వలస వచ్చుటకును, అక్కడనున్నవారు పౌరులగుటకును దారి తెరచెను. ఆ దారినే 1949లో పౌరసత్వము పొందిన దలీప్‌సింగ్ సౌంద్ 1956లో కాలిఫోర్నియా నుండి కాంగ్రెసుకు ఎన్నికయ్యెను. 1965లో వలసచట్టము మారిన తరువాత మన వైద్యులు, ఇంజనీర్లు, వారి వెనుక మన పిల్లలు వెళ్ళిరి. నెల్లూరులో పుట్టిన చివుకుల ఉపేంద్రగారు 2001లో న్యూజెర్సీ శాసనసభకు ఎన్నికైరి. హైదరాబాదులో పుట్టి, ఏడేళ్ళ ప్రాయమున అమెరికా చేరి, 2000లో పౌరురాలైన కాట్రగడ్డ అరుణ, నేటి అరుణా మిల్లర్, 2023 జనవరిలో మేరీలాండు రాష్ట్రమునకు లెఫ్టినెంటు గవర్నరుగా ప్రమాణము చేసినది.

2010కిని 2017కిని నడుమ అమెరికాలో ఇంటిలో తెలుగు మాట్లాడువారి సంఖ్య 86 శాతము పెరిగినదని జనగణన లెక్కల పరిశీలనలో తేలినప్పుడు మన పత్రికలన్నియు సంతోషముతో వ్రాసినవి. సంతోషింపదగినదే. అయితే ఇంట మాట్లాడు భాషను జనగణన లెక్కించును. ఎన్నికల అధికారి లెక్కించునది జాబితాలోని పేర్లను. సుబ్బారావుగారికి చిరకాలము చట్టము అడ్డు నిలిచినది. నేటి తెలుగు పౌరునకు చట్టము అడ్డు కాదు. ఒక దరఖాస్తు, ఒక చిరునామా, ఇంగ్లీషు అక్షరాలలో మారిపోయిన తన పేరు, ఇవి అడ్డు. ఈ అడ్డులను గురించి తెలుగు కుటుంబములు కూర్చుండి మాటలాడుకొనుట నేను చాల తక్కువగా చూచితిని. అందుకే ఈ వ్యాసము.

మన దేశమున పెరిగినవారికి ఒక అలవాటు పాతుకొని యున్నది. ఎన్నికల జాబితా అనగా ప్రభుత్వము తయారుచేయునది, బడిపంతులో అంగన్‌వాడీ కార్యకర్తయో ఇంటి గుమ్మము కడకు వచ్చి పేర్లు వ్రాసికొని పోవునది అని మన ఎరుక. స్వతంత్ర భారతపు తొలి ఎన్నికలకు ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఆధ్వర్యమున 17 కోట్లకు పైగా పేర్లతో జాబితా సిద్ధమైనది ఆ పద్ధతిననే. ఆనాటి ముచ్చట యొకటి ఇక్కడ చెప్పవలెను. ఉత్తరాదిని అనేక గ్రామములలో స్త్రీలు పరపురుషునకు తమ పేరు చెప్పుటకు ఇష్టపడక, ఫలానావారి భార్యననియో ఫలానావారి తల్లిననియో మాత్రమే వ్రాయించుకొనిరి. స్వంత పేరు లేనిది ఓటరు కాజాలదని సేన్ పట్టుబట్టగా, దాదాపు 28 లక్షలమంది స్త్రీలు ఆ జాబితానుండి తొలగిపోయిరి. కఠినమైన నిర్ణయమే, కాని తరువాతి ఎన్నికల నాటికి ఆ స్త్రీలు తమ పేర్లు చెప్పుట నేర్చిరి. జాబితాకు మనిషి తెలియదు, పేరే తెలియునని ఆ ఉదంతము మనకు నేర్పినది.

అమెరికాలో గుమ్మము కడకు ఎవరును రారు. జాబితాలో చేరుట, చేరిన పేరును చెడకుండ చూచుకొనుట, రెండును పౌరుని పనియే. పైగా అది ఒక్క జాబితా కాదు. ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్కటి, ఒక్కొక్కదానికి వేరు నిబంధనలు. నార్త్ డకోటాలో నమోదు అనునదే లేదు. గుర్తింపు పత్రము చూపి ఓటు వేయవచ్చును. మినెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రములలో పోలింగు దినముననే నమోదు చేసికొనవచ్చును. కాలిఫోర్నియాలో పదునైదు దినములు ముందుగా చేసికొనుట మర్యాద. దాటినను ఎన్నికల కార్యాలయమునకో ఓటింగు కేంద్రమునకో స్వయముగా పోయిన అవకాశమున్నది. టెక్సాసులో మాత్రము ముప్పది దినముల ముందే గడువు ముగియును, ఆపై ఎంత బ్రతిమాలినను లాభము లేదు. కాలిఫోర్నియా పౌరుడు ఇంట కూర్చుండి కంప్యూటరులో నమోదు ముగించుకొనుచుండగా, టెక్సాసు పౌరుడు సాధారణముగా కాగితమును పూరించి, కలముతో సంతకము చేసి, కౌంటీ కార్యాలయమునకు తపాలాలో పంపవలెను, లేదా కౌంటీ నియమించిన స్వచ్ఛంద నమోదు ప్రతినిధి చేతికి ఇయ్యవలెను. డల్లాసు చుట్టుపట్ల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగు నగరములలో మనవారు వేలకొలది ఉన్నారు గనుక ఈ భేదము మనసున ఉంచుకొనదగినది. బే ఏరియా నుండి ఉద్యోగము మారి డల్లాసు చేరిన కుటుంబము, పాత రాష్ట్రపు సౌలభ్యమునకు అలవాటుపడి అక్టోబరు నడుమ వరకు ఊరకున్నచో, ఆ నవంబరునకు ఓటు లేనట్లే.

1993లో అధ్యక్షుడు క్లింటన్ సంతకము చేసిన జాతీయ ఓటరు నమోదు చట్టము ఈ భారమును కొంత తగ్గించినది. డ్రైవింగ్ లైసెన్సు కొరకు పోయినచోటనే ఓటరుగా కూడ నమోదు కావచ్చునని అది శాసించినందున, జనులు దానికి మోటర్ ఓటరు చట్టమని ముద్దుపేరు పెట్టుకొనిరి. 2002లో వచ్చిన మరియొక చట్టము నమోదు గల ప్రతి రాష్ట్రమును ఒకే కంప్యూటరు జాబితా నడుపవలెనని నిర్బంధించి, దరఖాస్తుదారుడు లైసెన్సు సంఖ్యనో, సోషల్ సెక్యూరిటీ సంఖ్యలోని చివరి నాలుగు అంకెలనో ఇయ్యవలెనని విధించెను. అనగా ఎన్నికల కార్యాలయపు కంప్యూటరు లైసెన్సుల కార్యాలయపు కంప్యూటరును, సోషల్ సెక్యూరిటీ కంప్యూటరును అడుగును: ఈ పేరు, ఈ పుట్టినతేది మీ యొద్ద ఉన్నవా అని. మన తెలుగుపేరునకు తొలి పరీక్ష అక్కడనే.

ఆ పరీక్షను నేను దగ్గరనుండి చూచితిని. డల్లాసు సమీపమున మా మేనత్తగారి కూతురింట కొన్నాళ్ళుంటిని. అత్తయ్య ఆ నెలలోనే పౌరసత్వ ప్రమాణము చేసినది. భోజనాల బల్లమీద అన్నము గిన్నెలు తీసివేసి, దరఖాస్తు పరచి, నల్లసిరా కలము పట్టుకొని, కళ్ళజోడు సవరించుకొని కూర్చున్నది. ప్రక్కన పదునాలుగేండ్ల మనుమరాలు.

“అమ్మమ్మా, నీ పేరులో ఏది ముందు, ఏది వెనక?”

“ఇంటిపేరే ముందమ్మా. ఎప్పుడైనా ఇంటిపేరే ముందు.”

“ఇక్కడ అది చివర రాయాలి.”

“చివర రాస్తే అది ఇంటిపేరెలా అవుతుందే?”

అత్తయ్య అడిగిన ప్రశ్న చాల సేపు నా చెవులలో నిలిచినది. ఆమె పూర్తి పేరులో వెంకట ఉన్నది, లక్ష్మి ఉన్నది, అన్నపూర్ణ ఉన్నది. పుట్టింటివారు పిలిచినది అన్నపూర్ణ. పాత భారతదేశపు పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతయు రెండవ గడిలో కూర్చున్నది. లైసెన్సులో స్థలము చాలక చివరి పేరు తెగినది. ఇక ‘లక్ష్మి’: పౌరసత్వ ధ్రువపత్రములో కె, ఎస్, హెచ్ అక్షరములతో, లైసెన్సులో ఎక్స్ అక్షరముతో. అమ్మవారికి ఆ రెండును ఒకటే. కంప్యూటరునకు ఇద్దరు వేరు మనుషులు. మా మరదలు ఆ రెండు పత్రములను దీపము క్రింద ప్రక్కప్రక్కన పెట్టి వ్రేలితో ఒక్కొక్క అక్షరము మీద నొక్కుచు చదువుచుండగా, తల్లి నిట్టూర్చి, “మా నాన్నగారు తెలుగులో పెట్టారమ్మా పేరు,” అన్నది.

ఆ రాత్రి దరఖాస్తు పూర్తి కాలేదు. అదియే సరియైన పని అయినది. ముందు పౌరసత్వ ధ్రువపత్రములోని పేరు ప్రకారము సోషల్ సెక్యూరిటీ కార్యాలయములో సవరించుకొని, అది కుదిరిన పిమ్మట లైసెన్సు మార్పించుకొని, ఆ తరువాతనే ఓటరు దరఖాస్తు నింపుట మంచి వరుస. ఏలన ఎన్నికల కార్యాలయము సరిచూచునది పై రెండింటినే. మూడుచోట్ల ఒకే పేరు, ఒకే అక్షరములు. మన ఇండ్లలో పిల్లవానికి పేరు పెట్టునప్పుడు నక్షత్రము చూతుము, తాతగారి పేరు కలుపుదుము, వెంకటేశ్వరస్వామిని తలతుము. ఆ పేరు పరదేశములో ఏ గడిలో ఎట్లు ఇముడునో చూచుకొనుట కూడ ఆ పేరునకు చేయు గౌరవమే యని నా అభిప్రాయము.

అక్షరభేదము ఎంత దూరము పోగలదో జార్జియా రాష్ట్రము చూపినది. ఆల్ఫరెట్టా, జాన్స్ క్రీక్, కమ్మింగు ప్రాంతములలో మనవారు కిక్కిరిసియున్న రాష్ట్రమది. దరఖాస్తులోని పేరు ఇతర ప్రభుత్వ పత్రములలోని పేరుతో అచ్చముగా సరిపోలవలెనను నిబంధన అక్కడ ఉండెడిది. ఒక అడ్డగీత లోపించినను, ఒక అక్షరము తారుమారైనను దరఖాస్తు నిలిచిపోయెడిది. 2018 గవర్నరు ఎన్నికల ముందు అట్లు నిలిచిపోయినవి సుమారు 53,000 అని వార్తాసంస్థలు బయటపెట్టినవి. వారిలో అత్యధికులు నల్లజాతివారు. న్యాయస్థానములో వ్యాజ్యము నడచినది, 2019లో చట్టము సవరించి నిబంధన సడలించిరి. ఆ గవర్నరు ఎన్నికలో గెలుపోటముల నడుమ తేడా దాదాపు 55,000 ఓట్లు. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన వ్రాసి, నేనేమియు చెప్పక పాఠకునకే వదలుచున్నాను.

టెక్సాసు ఉదంతము మనకు మరింత సన్నిహితము. 2019 జనవరిలో ఆ రాష్ట్ర ఎన్నికల అధికారులు సుమారు 95,000 మంది ఓటర్లు పౌరులు కాకపోవచ్చునని అనుమానించి, ఆ పేర్లను కౌంటీలకు పంపిరి. కొద్దిదినములలోనే వేలాదిమంది నికార్సయిన పౌరులని తేలినది. పొరపాటు ఎక్కడనున్నదో వినినచో ఏ తెలుగు కుటుంబమైనను ఉలికిపడును: వారు గ్రీన్‌కార్డో వీసాయో ఉన్న కాలమున డ్రైవింగ్ లైసెన్సు తీసికొనిరి, తరువాత పౌరులైరి, ఓటర్లుగా నమోదైరి, కాని లైసెన్సు కార్యాలయపు పుస్తకములో మాత్రము పాత స్థితియే మిగిలిపోయినది. మన అందరి జీవితక్రమము ఇదియే గదా! ముందు హెచ్1బి, అటుపై గ్రీన్‌కార్డు, అటుపై పౌరసత్వము. న్యాయస్థానములో వ్యాజ్యములు పడగా, ఏప్రిలులో ఆ ప్రక్రియను ఉపసంహరించుకొనిరి. తప్పు ఓటర్లది కాదని నేను నిస్సంశయముగా చెప్పగలను. పాత కాగితమును చూచి పౌరుని అనుమానించుట అన్యాయము. అయినను మన జాగ్రత్త మనము పడవలెను: పౌరులైన వెంటనే ధ్రువపత్రము తీసికొనిపోయి సోషల్ సెక్యూరిటీ వారికిని, లైసెన్సు వారికిని తెలియజేయుడు; అమెరికా పాస్‌పోర్టు తీసికొనుడు; ధ్రువపత్రపు నకలు ఒకటి ఇంట భద్రపరచుడు. అరిజోనా రాష్ట్రము 2004లో జరిగిన ప్రజాభిప్రాయ ఓటింగు మొదలుకొని నమోదు సమయముననే పౌరసత్వ రుజువు అడుగుచున్నది. ఇంకను కొన్ని రాష్ట్రములు ఆ దారి పట్టుచున్నవి.

ఇప్పుడు పౌరులు కాని మనవారికి ఒక మాట. ఇది ఈ వ్యాసములో అన్నింటికన్న బరువైన మాట. హెచ్1బి మీద నున్నవారు, విద్యార్థులు, గ్రీన్‌కార్డు గలవారు సైతము, ఎన్ని ఏండ్లనుండి పన్నులు కట్టుచున్నను, సమాఖ్య ఎన్నికలలో ఓటు వేయరాదు. ఓటరుగా నమోదు కారాదు. 1996 చట్టము ప్రకారము పౌరుడు కానివాడు అట్టి ఎన్నికలో ఓటు వేయుట నేరము. పౌరుడనని అబద్ధముగా పలుకుట దేశబహిష్కారమునకు సైతము దారితీయగలదు. లైసెన్సు కార్యాలయములో కౌంటరు వెనుక ఉద్యోగి గబగబ పది ప్రశ్నలు అడుగుచు మధ్యలో ఓటరుగా నమోదగుదురా అని అడుగును. క్రొత్తగా వచ్చిన మనవాడు, అడిగినదానికి అవుననుటయే మర్యాద యనుకొని, తల ఊపవచ్చును, తెరమీద గడిలో గుర్తు పెట్టవచ్చును. ఆ ఒక్క గుర్తు పదేండ్ల తరువాత పౌరసత్వపు దరఖాస్తులో తిరిగి ఎదురగును. ఎప్పుడైనను ఓటరుగా నమోదైతివా, ఓటు వేసితివా అని అందులో స్పష్టముగా అడుగుదురు. కనుక కాదని చెప్పుడు. ముద్రించిన కాగితము చేతికి వచ్చినప్పుడు చదివి సంతకము చేయుడు. పొరపాటున నమోదైనట్లు తెలిసినచో ఓటు వేయకుడు. వెంటనే వలసచట్టము నెరిగిన న్యాయవాదిని కలిసి, ఆయన చెప్పినట్లు పేరు తీసివేయించుకొనుడు. పిల్లలను చూచుటకు వచ్చి గ్రీన్‌కార్డు పొందిన పెద్దలకు ఈ సంగతి పిల్లలు ముందుగా చెప్పవలెను.

పేరు తరువాత చిరునామా. అద్దె ఇంటినుండి స్వంత ఇంటికి, ఒక కౌంటీనుండి మరియొక కౌంటీకి, ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు మనవారు మారినన్ని సార్లు మారు జనులు తక్కువ. ఇల్లు మారినప్పుడు విద్యుత్తు కంపెనీకి చెప్పుదుము, బ్యాంకునకు చెప్పుదుము, తపాలావారికి చెప్పుదుము; తపాలావారికి చెప్పినది ఎన్నికల కార్యాలయమునకు చెప్పినట్లే యని నమ్ముదుము. అది నిజము కాదు. టెక్సాసులో ఒకే కౌంటీలో మారినచో ఉన్న నమోదును సవరించుకొన్న చాలును; కౌంటీ దాటినచో క్రొత్తగా నమోదు కావలెను. రాష్ట్రము దాటినచో ఎక్కడనైనను క్రొత్త నమోదే. కాలిఫోర్నియాలో ప్రతి ఓటరునకు బ్యాలటు ఇంటికే తపాలాలో వచ్చును. పాత చిరునామాకు పోయిన బ్యాలటు ఉత్తరమువలె వెదకికొనుచు క్రొత్త ఇంటికి వచ్చునని ఆశింపరాదు. అట్లే తపాలా బ్యాలటు కవరుమీది సంతకమును అనేక రాష్ట్రములలో పాత సంతకముతో పోల్చి చూతురు. లైసెన్సు కార్యాలయపు గాజుపలకమీద ప్లాస్టికు పుల్లతో గీచిన గీతయే అక్కడ మన సంతకముగా ఉండిపోయి, నేడు మనము తీరికగా చేసిన సంతకము దానికి భిన్నముగా కనబడవచ్చును. అట్టి సందేహము కలిగినచో వారు తెలియజేయుదురు. సరిచేసికొనుటకు గడువు ఉండును. ఆ కబురు రావలసినది కూడ మన చిరునామాకే.

ఇల్లు మారనివారు సైతము నిశ్చింతగా ఉండరాదని ఒహాయో కథ చెప్పును. ఆ రాష్ట్రములో ఎవరైనను రెండేండ్లు ఓటు వేయకున్నచో, ఇల్లు మారితిరా అని ఒక కార్డు పంపుదురు. దానికి జవాబియ్యక, మరి నాలుగేండ్లు ఓటు వేయకున్నచో పేరు తొలగింతురు. నావికాదళమున పనిచేసి వచ్చిన ఒక పౌరుడు, చిరకాలముగా అదే ఇంట ఉండియు, 2015లో పోలింగు కేంద్రమునకు పోగా తన పేరు లేదని తెలిసికొనెను. ఆయన వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయెను. 2018 జూనులో అయిదుగురు న్యాయమూర్తులు ఒక వైపు, నలుగురు మరియొక వైపు నిలిచి, ఆ పద్ధతి చట్టబద్ధమేనని తీర్పు చెప్పిరి. కనుక ఎన్నికల కార్యాలయమునుండి వచ్చిన చిన్న కార్డును ప్రకటనల కాగితములతో కలిపి చెత్తబుట్టలో వేయకుడు. అది అడుగుచున్న ప్రశ్నకు సంతకము చేసి తిరిగి పంపుటకు పట్టునది రెండు నిముషములు.

ఇట్టిది అక్కడనే జరుగునని కాదు. 2018 డిసెంబరు 7న తెలంగాణ శాసనసభ ఎన్నికల నాడు, దేశమునకు పతకములు తెచ్చిన బ్యాడ్మింటను క్రీడాకారిణి గుత్తా జ్వాల హైదరాబాదులో జాబితాలో తన పేరు లేదని వాపోయినది. అంతటి ప్రసిద్ధురాలి గతియే అట్లైన, సామాన్యుని మాట చెప్పనేల? అమెరికాలో అట్టి స్థితిలో ఒక ఊరట ఉన్నది: 2002 చట్టము ప్రకారము, పేరు కనబడకున్నను నేను నమోదైనవాడనే యని చెప్పువానికి తాత్కాలిక బ్యాలటు ఇయ్యవలెను, అర్హత తేలినచో దానిని లెక్కింతురు. అయితే ఎన్నడును నమోదు కానివానికి అది ఏమియు చేయలేదు.

పార్టీ మాట క్లుప్తముగా చెప్పి ముందుకు పోవుదును. పెన్సిల్వేనియావంటి రాష్ట్రములలో పార్టీ పేరు వ్రాయించుకొననివారికి ఆ పార్టీ ప్రాథమిక ఎన్నికలో ఓటు లేదు. టెక్సాసులో అట్టి నమోదే లేదు. మీ రాష్ట్రములో ఏదో ఒకసారి చూచుకొనుడు.

ఇంటిలోని పెద్దలను, పిల్లలను మరువరాదు. ఇరువదేండ్లు గ్రీన్‌కార్డుతో నివసించి ఏబది ఏండ్లు దాటినవారు, లేదా పదునైదేండ్లు నివసించి ఏబదియైదు దాటినవారు, ఇంగ్లీషు పరీక్ష లేకయే, ద్విభాషి సహాయమున తెలుగులోనే పౌరశాస్త్రపు ప్రశ్నలకు జవాబులు చెప్పి పౌరులు కావచ్చును. అట్లు పౌరురాలైన అమ్మమ్మ ఇంగ్లీషు చదువలేదని ఇంట కూర్చుండనక్కరలేదు. ఓటు హక్కుల చట్టములోని 208వ విభాగము ప్రకారము, చదువలేని ఓటరు తన యజమానిని, కార్మికసంఘపు ప్రతినిధిని తప్ప, తనకు నచ్చిన ఎవరినైనను తోడు తీసికొనిపోవచ్చును. కూతురు ప్రక్కన నిలిచి బ్యాలటు తెలుగులో చెప్పవచ్చును. లాస్ ఏంజిలిస్ కౌంటీ ఎన్నికల కార్యాలయము సహాయమందించు భాషలలో తెలుగు కూడ ఒకటి. ఇక కాలిఫోర్నియాలో పదునారేండ్ల పిల్లవాడు ముందుగానే పేరిచ్చుకొనవచ్చును, పదునెనిమిది నిండిననాడు అది అమలులోనికి వచ్చును. దూరపు విశ్వవిద్యాలయమునకు పోయిన బిడ్డ అక్కడి చిరునామాతోనో ఇంటి చిరునామాతోనో, ఒక్కచోట మాత్రమే నమోదు కావలెను.

హైదరాబాదుకు తిరిగివచ్చి గచ్చిబౌలిలో స్థిరపడిన అమెరికా పౌరులు అనేకులు తమ ఓటు సముద్రములోనే పోయినదని తలతురు. అది తప్పు. 1986 చట్టము విదేశములనున్న పౌరునకు తాను చివర నివసించిన రాష్ట్రములోనే తపాలా ఓటును ప్రసాదించినది. ఏటా ఒక సమాఖ్య తపాలాకార్డు దరఖాస్తు పంపుట మరువకున్న చాలును. భారత పౌరసత్వమునే నిలుపుకొన్నవారికి మన చట్టము 2010 సవరణచేత ఫారం 6ఏ ద్వారా స్వగ్రామపు జాబితాలో చేరు హక్కు నిచ్చినది. అయితే పాస్‌పోర్టు చేతబట్టి స్వయముగా వచ్చి వేయవలెను. అమెరికా పౌరసత్వము స్వీకరించినవారి పేరు తెనాలిలోనో కరీంనగరములోనో జాబితాలో ఇంకను మిగిలియున్నచో, దానిని ఫారం 7 ద్వారా తొలగింపజేయుట ధర్మము. ఓసీఐ కార్డు ఎన్నో సౌకర్యముల నిచ్చును, ఓటు నియ్యదు.

ఇంత శ్రమ ఒక్క ఓటునకా యని అడుగువారు ఉందురు. వర్జీనియా రాష్ట్ర ప్రతినిధుల సభకు 2017లో న్యూపోర్ట్ న్యూస్ ప్రాంతపు 94వ నియోజకవర్గములో ఇరువురు అభ్యర్థులకు సరిసమానముగా ఓట్లు వచ్చినవి. 2018 జనవరి 4న అధికారులు ఇరువురి పేర్లు చీట్లమీద వ్రాసి, ఫొటో ఫిల్ము డబ్బీలలో పెట్టి, ఒక పింగాణి పాత్రలో వేసి, ఒక చీటి తీసిరి. డేవిడ్ యాన్సీ పేరు వచ్చినది. ఆ సీటుతోనే సభలో ఆధిక్యము ఏ పార్టీదో నిర్ణయమైనది. ఆ నియోజకవర్గములో నమోదైయుండి ఇంట నిలిచినవారును, ఇల్లు మారి పేరు మార్చుకొననివారును ఎందరో ఉండియుందురు. వారిలో ఒక్కరు వచ్చియున్నను ఆ పాత్ర అక్కరలేకపోయెడిది. పాఠశాల మండలి ఎన్నికలు, నగరపాలక ఎన్నికలు ఇంకను స్వల్పమైన తేడాలతో తేలును. మన పిల్లల బడి ఎల్లలు, మన ఇంటి ఆస్తిపన్ను నిర్ణయించువారు అక్కడనే ఎన్నికగుదురు. మన కుటుంబములు ఇల్లు కొనునప్పుడు బడి రేటింగు చూచినంత శ్రద్ధగా ఆ ఎన్నికల తేదీలు చూచుట లేదని బాధతో చెప్పుచున్నాను.

మా అత్తయ్యకు ఏడు వారములకు ఓటరు కార్డు వచ్చినది. పలుచని అట్టముక్క, లక్ష్మికి కె, ఎస్, హెచ్ అక్షరములు సరిగ్గా పడినవి, ఇంటిపేరు చివరనే ఉన్నది. దానిని ఆమె పూజగదిలో కాక, తన పాస్‌పోర్టు పెట్టుకొను చేతిసంచిలో పెట్టుకొన్నది.

అమెరికాలోని తెలుగు పౌరులారా, పౌరులు కాబోవువారలారా, ఈ పత్రిక మూయుటకు ముందు మీ రాష్ట్ర ఎన్నికల కార్యాలయపు వెబ్‌సైటు తెరచి, మీ పేరు, పుట్టినతేది ఇచ్చి, జాబితాలో మీరున్నారో లేదో, ఉన్నచో ఏ అక్షరములతో, ఏ చిరునామాతో ఉన్నారో ఒకసారి చూచుకొనుడు. సవరింపవలసినది కనబడినచో గడువునకు ముప్పది దినములు ముందే సవరించుకొనుడు.